వెనక సీట్లో కూడా బెల్ట్ పెట్టుకోండి ప్లీజ్

నిన్న హైదరాబాద్ నుంచి సూర్యాపేటకి క్యాబ్‌లో వెళ్ళాం, వెనక కూర్చుని బెల్ట్ పెట్టుకుందామంటే బకిల్ సీటు కవర్ కింద ఇరుక్కుపోయి ఉంది, డ్రైవరన్నని అడిగితే "వెనకాల ఎవరు పెట్టుకుంటారు మేడమ్" అన్నాడు. పక్కకి ఆపించి కవర్ లాగి బయటికి తీసి అత్తమ్మకి కూడా పెట్టా. చిట్యాల దాటాక లారీ అడ్డమొచ్చి సడన్ బ్రేక్ వేశాడు, అత్తమ్మ ముందు సీటుకి తగలకుండా బెల్టే పట్టి ఆపింది.

2022 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయిన టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారు వెనక సీట్లోనే ఉన్నారు, బెల్ట్ పెట్టుకోలేదని పోలీసులే చెప్పారు. అంత ఖరీదైన కార్లో!! ఎయిర్‌బ్యాగ్ ఉంది కదా అంటారు, అది బెల్ట్‌కి తోడు మాత్రమే, బదులు కాదు. పైగా వెనకున్న మనిషి ఎగిరొచ్చి పడితే ముందు కూర్చున్నవాళ్ళకి కూడా ప్రాణం మీదికొస్తుంది.

వెనకవాళ్ళకి కూడా రూల్ ఉంది, 1000 రూపాయల ఫైన్. బెల్ట్ పెట్టుకోకపోతే వచ్చే బీప్ సౌండ్ ఆపడానికి బకిల్‌లో పెట్టే క్లిప్పులైతే 2023లో ఆన్‌లైన్ సైట్ల నుంచి తీసేయమని కేంద్రమే ఆర్డర్ ఇచ్చింది, మీ కార్లో ఉంటే ఇవాళే పీకి పారేయండి. పండక్కి ఊరెళ్ళేవాళ్ళు బయల్దేరకముందే బకిల్స్ పైకి తీసి పెట్టుకోండి, పిల్లల్ని మాత్రం ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు.