మార్డీ గ్రా రోజు మాడిన పిండి

ఇవాళ మార్డీ గ్రా, క్రైస్తవుల ఉపవాసాల ముందు రోజు పండగ. అమెరికాలోని ఈ లూసియానాలో సెలవు. ఇక్కడి లఫాయెట్ ఊరు వచ్చి మూడో ఏడు, కానీ గంబో, అంటే ఇక్కడి చిక్కటి పులుసు, నేనొక్కదాన్నే వండటం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ పక్కింటి పెద్దావిడకి ఉల్లిపాయలు తరిగివ్వడమే నా పని. "ఈసారి గంబో నీదే, షా" అని నిన్న తేల్చేసింది. షా అంటే ఇక్కడి ఫ్రెంచిలో ముద్దు పిలుపు, మన బంగారం లాగా.

గంబోకి ప్రాణం రూ. రూపాయలు కాదు, నూనెలో వేయించిన మైదా. కప్పుకి కప్పు, బరువైన ఇనప గిన్నె, సన్న సెగ. ముప్పావు గంట గరిటె ఆపకూడదు. వేరుశనగ రంగుకొచ్చేసరికి అమ్మ ఫోన్.

"ఏం వండుతున్నావే?"

"మైదా వేయిస్తున్నా, పులుసుకి."

"పులుసుకి మైదా ఏంటే!"

నవ్వుతూ అటు తిరిగానో లేదో, అడుగున నల్ల చుక్కలు. అవి కనపడ్డాయంటే ఇక చేదే. మొత్తం పారబోశా.

రెండోసారి ఫోన్ పడగ్గదిలో పెట్టొచ్చా. రాగి చెంబు రంగు దాటి చాక్లెట్ రంగు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాను. సున్నుండలకి మినప్పప్పు వేయిస్తున్నట్టు వాసన. ఒక చుక్క మణికట్టు మీద పడి అతుక్కుంది, ఇప్పటికీ మండుతోంది. ఉల్లి, సెలరీ, క్యాప్సికం ముక్కలు గుమ్మరించగానే భుస్సుమని పొంగి, రంగు అక్కడితో ఆగింది. తర్వాత చికెన్, ఆండూయి అనే పొగబెట్టిన పంది మాంసం సాసేజ్, చికెన్ ఉడికించిన నీళ్ళు. ఇక దాని మానాన అది ఉడుకుతుంది.

రుచి చూస్తే పులుపు లేదు. చింతపండు డబ్బా వైపు చెయ్యి వెళ్ళింది, లాక్కున్నా. న్యూ ఓర్లీన్స్ నగరంలోని క్రియోల్ పద్ధతి వంటల్లో టమాటా అయినా నడుస్తుంది, ఇక్కడి కేజన్ గంబోలో అదీ కుదరదు. కేజన్లంటే, 1755లో ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా నుంచి బ్రిటిషువాళ్ళు వెళ్ళగొట్టడం మొదలుపెట్టిన అకాడియన్లనే ఫ్రెంచివాళ్ళ సంతతి. మా పెద్దావిడా వాళ్ళలో మనిషే, పట్టుదల ఎక్కువే. తమాషా ఏంటంటే, గంబో అన్న మాట ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరు నుంచి వచ్చిందంటారు, ఈవిడ చికెన్ గంబోలో మాత్రం బెండకాయ ఉండదు. బదులుగా ఫిలే పొడి, సాసఫ్రాస్ అనే చెట్టు ఆకులది, ఇక్కడి ఆదివాసులైన చోక్టా తెగవాళ్ళు నేర్పింది. దించాకే వేయాలి, మరిగితే తీగలు సాగుతుంది.

సాయంత్రం ఆవిడ మనవలు యూనిస్ అనే ఊరి నుంచి బురద బట్టలతో దిగారు. అక్కడ ముసుగులేసుకుని ఇల్లిల్లూ తిరిగి గంబోకి సరుకులు అడుగుతారు, వదిలిన కోడిని వెంటపడి పట్టుకుంటారు. రేపు భస్మ బుధవారం, లెంట్ అనే ఆ ఉపవాసాలు మొదలు. అందుకే ఇవాళ ఎవరూ లెక్కపెట్టుకుని తినలేదు. గంబో గిన్నెలోనే ఆలూ సలాడ్ ముద్ద వేసుకుంటారు. మొదటి ఏడాది నేను మొహం తిప్పుకున్నా, ఇవాళ అడిగి వేయించుకున్నా.

పెద్దావిడ రెండు చెంచాలు తిని, "మొదటిది పారబోశావు కదూ?" అంది.

"ఎలా తెలిసింది?"

"మాడు వాసన మా వరండాదాకా వచ్చిందిలే" అంటూ గిన్నె చాపింది, ఇంకో గరిటె వెయ్యమని.