ఆరుగురి గదిలో నిద్ర

గది చీకటిగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంటే నిద్ర బాగా పడుతుందని అందరూ చెబుతారు. నిజమే. కానీ దుబాయి లేబర్ క్యాంపులో ఉండేవాడికి ఆ మూడింటిలో ఒక్కటీ తన చేతిలో ఉండదు. లైటు స్విచ్చు తలుపు పక్క మంచం వాడి దగ్గర ఉంటుంది, ఏసీ రిమోటు ఇంకొకరి దిండు కింద ఉంటుంది. ఆరుగురు పడుకునే చోట నిద్ర అంటే ఆరుగురూ కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. మేం మాట్లాడుకున్నాం. స్కాఫోల్డింగ్ మీద, అంటే కట్టడం చుట్టూ వేసే పరంజా మీద, ఎత్తులో నిలబడి పని చేసేవాళ్లకు రెప్ప వాలితే ఏమవుతుందో మాలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఎండాకాలంలో నిద్రకు కరువు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నిబంధన. అది ప్రాణాలు కాపాడే నిబంధన. అయితే ఆ గంటల పని తెల్లవారుజాముకు జరుగుతుంది. మూడున్నరకు లేవాలి, నాలుగున్నరకు బస్సు. రాత్రి తొమ్మిదికి కళ్లు మూసినా దక్కేది ఆరున్నర గంటలే. అందుకే మధ్యాహ్నం విరామంలో అన్నం తిని నడుం వాల్చగానే ఒళ్లు తెలియని నిద్ర వస్తుంది. దాన్ని అరగంట దాటనివ్వం, ఒకరినొకరం లేపుకుంటాం. రెండు గంటలు పడుకున్నవాడు ఆ రాత్రి పదకొండైనా పైమంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉంటాడు. వాడు దొర్లితే కిందివాడికీ నిద్ర ఉండదు.

సైటు నుంచి రాగానే కరక్ చాయ్ తాగడం ఇక్కడ అందరికీ అలవాటు. చిక్కటి డికాక్షన్, డబ్బా పాలు, ఏలకులు కలిస్తే ఆ రుచికి అడ్డు చెప్పడం కష్టం. కానీ ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మేం చాయ్‌ని మధ్యాహ్నం విరామానికి మార్చుకున్నాం. సాయంత్రం ఉప్పు, నిమ్మకాయ పిండిన నీళ్లు తాగుతాం. రోజంతా చెమట కారిన ఒంటికి అవే హాయి. పడుకునే ముందు మాత్రం సీసాలకు సీసాలు తాగం. బాత్‌రూములు వరండా చివర ఉంటాయి. అర్ధరాత్రి ఒకడు తలుపు తీస్తే బయటి ట్యూబ్‌లైటు వెలుగు అందరి ముఖాల మీదా పడుతుంది.

స్నానం సంగతి ఇక్కడివాళ్లకే తెలుస్తుంది. జూలైలో చల్లనీళ్ల కుళాయి తిప్పినా మేడ మీది ట్యాంకు నుంచి కాగిన నీళ్లే వస్తాయి. అందుకని పొద్దున్నే బకెట్లు నింపి గదిలో ఉంచి వెళతాం. సాయంత్రానికి గోరువెచ్చగా దిగుతాయి. ఆ నీళ్లు పోసుకుంటే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతుంది, తర్వాత ఒళ్లు చల్లబడుతూ మత్తు వస్తుంది. వంట, భోజనం, గిన్నెలు అన్నీ ఎనిమిదింటికి ముగించాలని వంతులు వేసుకున్నాం.

అన్నిటికన్నా కష్టమైంది ఫోను. ఇంటివాళ్లతో మాట్లాడకుండా ఎవరుంటారు? ఊళ్లో టైము మనకన్నా గంటన్నర ముందు. ఇక్కడ తొమ్మిదైతే అక్కడ పదిన్నర, అప్పటికి పిల్లలు పడుకుని ఉంటారు. పెద్దవాళ్లతో మాటలు అప్పుల మీదికి, ఆస్పత్రి ఖర్చుల మీదికి మళ్లుతాయి. అందుకే స్నానం అవగానే, ఏడింటికే బోటిమ్ అనే కాలింగ్ యాప్‌లో కాల్ చేస్తాం. అప్పుడు పిల్లలు హోంవర్కు చూపిస్తారు. ఏజెంటుకు కట్టిన డబ్బు, ఊళ్లో తెచ్చిన అప్పు, దాని వడ్డీ గురించిన మాటలు సెలవు రోజు పగలు మాట్లాడుకుందామని ఇంట్లో చెప్పాం. వడ్డీ లెక్క రాత్రిపూట వేస్తే తీరదు, పెరుగుతుంది. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. గదిలో ఒకడు మౌనంగా గోడవైపు తిరిగి పడుకుంటే, "ఏమైంది తమ్ముడూ" అని ఎవరో ఒకరం అడుగుతాం. చెప్పుకుంటే అప్పు తీరదు కానీ, వాడు నిద్రపోతాడు.

సెలవు రోజు కూడా ఏడింటికల్లా లేస్తాం. మధ్యాహ్నం దాకా పడుకుంటే ఆ రాత్రి నిద్ర రాదు, మరుసటి రోజు మూడున్నర అలారం మనిషిని చంపేస్తుంది. అలారం కూడా గదికి ఒక్కటే, ఒక్కసారే మోగాలి. ఐదు నిమిషాలకోసారి మోగేవి పెట్టుకోవడం మాన్పించాం.

అందరూ కలిసి పడుకోవడంలో ఒక మేలూ ఉంది. మాలో ఒక అన్నకు గురక ఎక్కువ. మధ్యలో ఊపిరి ఆగిపోయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకునేది. తెల్లారితే ఆయనకేమీ గుర్తుండదు, బస్సులో మాత్రం తల వాలిపోయేది. పక్క మంచం కుర్రాడు ఒక రాత్రి దాన్ని ఫోనులో వీడియో తీశాడు. ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని క్లినిక్‌కు వెళ్లి ఆ వీడియో చూపిస్తే, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) కావచ్చు, పరీక్ష చేయాలని డాక్టరు రాసిచ్చారు. అంతవరకు ఆయన్ను వెల్లకిలా పడుకోనివ్వకుండా ఒక పక్కకు తిప్పే పని ఆ కుర్రాడే చూసుకుంటున్నాడు.