తిరుప్పూరులో తప్పులు తగ్గాయి

తిరుపతిలో రాత్రి శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి తిరుప్పూరు దగ్గరికొచ్చేస్తాం. ఇరవై ఏళ్ళుగా ఏడాదికి మూడు నాలుగుసార్లు నేను చేసే ప్రయాణమే ఇది. మాది రెడీమేడ్ షాపు, అదీ సందులో. మెయిన్ రోడ్డు షాపుల్లో ఉండే ధర మా దగ్గర ఉండదు. ఎందుకంటే నేను అమ్మేది తప్పుల్ని.

ఇది కొంచెం విప్పి చెప్పాలి. మన దేశం నుంచి బయటికెళ్ళే అల్లిక బట్టల్లో సగానికి పైగా తిరుప్పూరువే. టీషర్టు అల్లేటప్పుడు ఒక సూది విరిగితే బట్ట పొడవునా సన్నటి గీత పడుతుంది. రంగు పిసరంత మారినా, కాలర్ అరంగుళం జరిగినా విదేశీ పార్టీ వద్దంటాడు. ఆ వద్దన్న సరుకు రైల్వేస్టేషనుకు దగ్గర్లోని ఖాదర్‌పేటకు చేరుతుంది. అక్కణ్ణుంచి మూటల్లో నా షాపుకు. గీత పడ్డ టీషర్టు వేసుకున్నవాడిని రోడ్డు మీద ఎవరూ ఆపి అడగరు కదా!

మొన్న వెళ్ళినప్పుడు మా ఏజెంటు, "సరుకు తక్కువగా ఉండాది అన్నా. కంపెనీలు తప్పు చెయ్యడం మానేసినాయి" అన్నాడు. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు. ఎప్పుడో తరాల కింద వెళ్ళిన కుటుంబం. మాట మా చిత్తూరు యాసకు దగ్గరగా ఉంటుంది గానీ, నా షాపు బోర్డు ఫొటో చూపిస్తే చదవలేడు. వాళ్ళబ్బాయి ఒక ఎగుమతి కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. "నువ్వే వచ్చి చూడు పెదనాయనా" అని బైకు మీద ఎక్కించుకున్నాడు. ఇన్నేళ్ళలో కంపెనీ లోపలికి నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి.

ముందు అల్లే షెడ్డు. గుండ్రటి మిషన్లు తిరుగుతుంటే బట్ట గొట్టంలాగా కిందికి దిగుతోంది. ఒక్కో మిషనుకీ లోపల లైటూ కెమెరాలూ. సూది విరిగి గీత మొదలైందంటే మిషను దానంతటదే ఆగిపోతుంది. అంతకుముందు మనిషి చూసి ఆపేలోపు మీటర్ల కొద్దీ బట్ట పాడయ్యేది. ఆ మీటర్లే నా బతుకు అని పైకి అనలేదు.

కటింగ్ విభాగంలో ఎక్కువసేపు నిలబడ్డాను. పొడవాటి బల్ల మీద బట్ట పొరలు పొరలుగా పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పారు. కింద నుంచి గాలి లాగగానే జానెడు ఎత్తున్న దొంతర అట్టలా అణిగిపోయింది. కత్తి దానంతటదే కదిలి చేతులు, మెడలు, వీపులు కోసుకుంటూ పోయింది. ఏ ముక్క ఎక్కడ పడాలో కంప్యూటర్ ముందే సర్దిపెడుతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టే సందు కూడా లేదు. మా ఊళ్ళో మెకానిక్కులు చేతులు తుడుచుకునే బనియన్ వేస్టు ఈ సందుల్లోంచే వస్తుంది. రేపు దానికీ రేటు పెరుగుతుందేమో.

పక్కన ఒక పెద్దాయన కోసిన ముక్కలకు స్టిక్కర్లు అంటిస్తున్నాడు. ఒకప్పుడు ఈ కంపెనీకి ఆయనే కటింగ్ మాస్టరట. చాక్‌పీసుతో గీసి, ఎడమ చేతికి ఇనప వలల గ్లౌజు వేసుకుని కోసేవాడు. ఆయన ఒక్కరోజు సెలవు పెడితే లైను ఆగేదట. "జీతం తగ్గించారా?" అని అడగమన్నాను. మేనేజరబ్బాయి తమిళంలో అడిగాడు. తగ్గించలేదట. "మరి బాధేంటి?" అంటే ఆయన నవ్వి ఏదో అన్నాడు. "పండక్కి పది రోజులు లీవు అడిగితే వెంటనే ఇచ్చేస్తున్నారంట పెదనాయనా" అని అబ్బాయి తర్జుమా చేశాడు. అందులో బాధేంటో నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది.

కుట్టే హాలు వేరే లోకం. వరసగా ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ కుట్టు మిషన్లు, వాటి మీద చిన్న చిన్న ట్యాబ్‌లు. కుట్టేవాళ్ళలో ఎక్కువమంది ఒడిశా, జార్ఖండ్, బీహార్ పిల్లలే. మైకులో తమిళం తర్వాత హిందీ. కోసిన ముక్కల కట్ట చేతికొస్తే ట్యాబ్‌కు కార్డు చూపించాలి, అయిపోతే మళ్ళీ చూపించాలి. లైను చివర పెద్ద తెర మీద ఎవరు ఎన్ని పీసులు కుట్టారో కనబడుతుంటుంది. వేగంగా ఉంటే పచ్చ, వెనకబడితే ఎరుపు. ఒకమ్మాయి బాత్రూముకు వెళ్ళొచ్చేసరికి ఆమె గడి ఎర్రబడింది. కూర్చుంటూనే తెర వైపు చూసింది, సూపర్‌వైజరు వైపు కాదు. ఇది నాకు నచ్చలేదు. మేస్త్రీ తిడితే ఎదురు చెప్పొచ్చు, బతిమాలొచ్చు, పండక్కి మిఠాయి పెట్టొచ్చు. ఎరుపుతో ఏం మాట్లాడతాం? "ఎవరికి కష్టమైన పని పడిందో కూడా దాంట్లోనే తెలుస్తాది, పక్షపాతం ఉండదు" అని అబ్బాయి అన్నాడు. అదీ నిజమే కావచ్చు. మేస్త్రీల పక్షపాతం నేను ఎరగనిది కాదు.

చివర్లో "డ్యామేజ్" బల్ల. తిరుప్పూరులో అదొక ఉద్యోగం పేరు. కుట్టిన పీసుల్లో తప్పులేరే పని. అక్కడ నలుగురు ఆడవాళ్ళు కనబడ్డారు. పదకొండు కుర్చీలు లెక్కపెట్టాను.

మధ్యాహ్నం రంగులద్దే యూనిట్‌కి వెళ్ళాం. రంగు సరిపోయిందో లేదో మాస్టరు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూసే కాలం పోయింది. మిషను చూసి అంకెల్లో చెబుతుంది. రంగు పొడి తూచడం, ఉప్పు కలపడం కూడా మిషనే. మొదటిసారే షేడు కుదిరితే మళ్ళీ అద్దక్కర్లేదు. ఆ మేరకు నీళ్ళూ ఆవిరీ మిగిలినట్టే.

ఈ ఊళ్ళో నీళ్ళంటే మామూలు విషయం కాదు. వెళ్ళియంగిరి కొండల్లో పుట్టిన నొయ్యల్ నది తిరుప్పూరు మధ్యగా పోయి కావేరిలో కలుస్తుంది. 1992లో దిగువన ఒరత్తుపాళయం దగ్గర పొలాల కోసం డ్యాం కట్టారు. దాంట్లో నిండింది రంగుల మురుగు. బావులు చెడిపోయాయి. రైతులు ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు రంగుల యూనిట్లన్నీ మూసేయమంది. ఆ ఏడాది నేను రెండుసార్లు వచ్చి దాదాపు ఖాళీ చేతులతో వెళ్ళాను. కోర్టును బాగా తిట్టుకున్నాను కూడా. అబ్బాయి వాళ్ళ అమ్మమ్మది ఆ డ్యాం వైపు ఊరే. తోటలో కొబ్బరినీళ్ళు కూడా ఉప్పగా ఉండేవట. ఈ సంగతి ఇన్నేళ్ళకు విన్నాను.

ఇప్పుడు చుక్క మురుగు కూడా బయటికి వదలకూడదని రూలు. శుద్ధి చేసే ప్లాంటు ఫ్యాక్టరీ కంటే పెద్దదిగా అనిపించింది. సూక్ష్మజీవుల తొట్లు, వడపోతలు, ఆర్వో గొట్టాల వరసలు. వచ్చిన నీళ్ళలో చాలావరకు మళ్ళీ రంగుల తొట్టికే వెళ్తాయి. మీటర్ల లెక్క నేరుగా కాలుష్య నియంత్రణ మండలి కంప్యూటర్‌కు పోతుంది. కెమెరా కూడా ఉంది. ఆర్వో నుంచి వచ్చిన నీళ్ళు గ్లాసులో పట్టి చూపించారు. మా తిరుపతి బోరు నీళ్ళకంటే తేటగా ఉన్నాయి.

"మరి ఉప్పు ఏమవుతుంది?" అని అడిగాను. అబ్బాయి కాస్త తటపటాయించి వెనక్కి తీసుకెళ్ళాడు. ఆర్వో వదిలేసిన చిక్కటి నీళ్ళను ఆవిరి చేసే టవర్లు అక్కడున్నాయి. వాటికి ఆవిరిచ్చే బాయిలరు కట్టెలు తింటోంది. నేనుండగానే ఒక లారీ దుంగలు దింపింది. తేరిన మంచి ఉప్పు మళ్ళీ అద్దకానికి వాడతారు. దేనికీ పనికిరాని కలగాపులగం ఉప్పు మాత్రం రేకుల షెడ్డులో తెల్ల బస్తాల్లో పైకప్పు దాకా పేర్చి ఉంది. "దీన్నేం చేస్తారు?" అంటే, "పెట్టుకుని ఉండాము" అన్నాడు. ఒకప్పుడు నదిలో పోయిన ఉప్పు ఇప్పుడు బస్తాల్లో కూర్చుంది. రెండోదే మేలు, సందేహం లేదు. కానీ ఇందాక నీళ్ళ గ్లాసు చూపించినంత హుషారుగా ఈ షెడ్డు చూపించలేదు.

తిరిగొస్తూ గాలిమరల గురించి అడిగితే మాత్రం హుషారొచ్చింది. పల్లడం, ఉడుమలపేట వైపు మైళ్ళ కొద్దీ మరలు. వాటిలో కొన్ని తిరుప్పూరు కంపెనీల సొంతవే. ఇంకాస్త కదిపితే కోయంబత్తూరు జి.డి. నాయుడు కథ అందుకున్నాడు. 1937లో మన దేశంలోనే తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారు వెనక ఆయన చెయ్యుందనీ, ఆయన మన తెలుగువాడేననీ. ఆ "మన" దగ్గర గొంతు కొంచెం పెంచాడు.

సాయంత్రం ఖాదర్‌పేటలో నాలుగు షాపులు తిరిగాను. సూది గీతల సరుకు దాదాపు లేదు. ఉన్నది మిగులు సరుకు, ఏ తప్పూ లేదు, ధర కూడా అలాగే ఉంది. ఐదు మూటలకు డబ్బు తెచ్చుకుంటే రెండే దొరికాయి.

పార్సిల్ ఆఫీసులో కుర్రాడు నన్ను ఏళ్ళుగా ఎరుగును. "ఏం అన్నా, సీజన్ లేదా?" అన్నాడు.

"తప్పులు తక్కువగా ఉన్నాయి తమ్ముడూ" అన్నాను.

రసీదు నా చేతిలో పెట్టి, "మంచిదే కదన్నా" అన్నాడు.