అప్పు తగ్గింది, అద్దె పెరిగింది: పోర్చుగల్ దారుల్లో

బ్యాంకు ఉద్యోగంలో ఏళ్ల తరబడి మొండి బాకీల లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి, 2011లో దివాలా అంచుకు చేరిన పోర్చుగల్ మళ్లీ నిలదొక్కుకున్న తీరు నన్ను చాలాకాలంగా ఆకర్షిస్తూ వచ్చింది. ఆ ఏడాది మే నెలలో ఆ దేశం యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థల నుంచి 7,800 కోట్ల యూరోల సహాయం తీసుకుంది. 1977లోనూ, 1983లోనూ ద్రవ్యనిధి తలుపు తట్టిన దేశానికి అది మూడోసారి. అలాంటి దేశం 2019లో, 1974 ప్రజాస్వామ్య విప్లవం తర్వాత తొలిసారిగా, మిగులు బడ్జెట్ చూపించింది. కోవిడ్ కాలంలో స్థూల దేశీయోత్పత్తిలో 130 శాతం దాటిన ప్రభుత్వ అప్పును 2023 చివరికల్లా 100 శాతం లోపుకు దించింది. ఈ అంకెల వెనక మనుషులు ఎలా బతుకుతున్నారో చూద్దామని 2025 జూన్‌లో లిస్బన్‌లో దిగాను.

దిగిన విమానాశ్రయం దగ్గరే కథ మొదలవుతుంది. సంక్షోభ కాలంలో పోర్చుగల్ తన విమానాశ్రయాల నిర్వహణను 50 ఏళ్ల ఒప్పందం మీద ఫ్రాన్స్‌కు చెందిన విన్సీ సంస్థకు అప్పగించింది. ప్రధాన విద్యుత్ సంస్థ ఈడీపీలో ప్రభుత్వానికి మిగిలిన పెద్ద వాటా చైనాకు చెందిన త్రీ గార్జెస్ సంస్థకు వెళ్లింది. ఆ రోజుల్లో నగదు అత్యవసరం కాబట్టి అమ్మకం తప్పలేదనే వాదనను నేను కొట్టిపారేయను. అయితే ఏటా స్థిరంగా లాభం తెచ్చే ఆస్తులను ధర పడిపోయిన సమయంలో వదులుకోవలసి రావడమే అప్పులపాలైన ఏ దేశానికైనా పడే అసలు జరిమానా. అప్పు తగ్గడానికి పొదుపు ఒక్కటే కారణమనీ అనుకోకూడదు. జీతం పెరిగినప్పుడు పాత బాకీ చిన్నదిగా కనిపించినట్టే, పర్యాటకం వల్ల, ధరల పెరుగుదల వల్ల స్థూలోత్పత్తి ఉబ్బడంతో అప్పు నిష్పత్తి వేగంగా దిగింది. దానికి తోడు ప్రభుత్వాలు ఏవి మారినా రైళ్లు, ఆసుపత్రులు, ఇళ్ల మీద పెట్టవలసిన పెట్టుబడిని బిగబట్టాయి.

ఇళ్ల సంగతి లిస్బన్‌లో అడుగడుగునా ఎదురవుతుంది. పాతపేట అల్ఫామా సందుల్లో గుమ్మాల పక్కన ‘ఏఎల్’ అన్న అక్షరాలతో చిన్న పలకలు కనిపిస్తాయి. ఆ ఇంటిని పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకివ్వడానికి అనుమతి ఉందని వాటి సూచన. ఒక సందులో వరసగా ఆ పలకలే ఉండగా, మధ్యలో ఒక్క కిటికీకి మాత్రం ఆరేసిన బట్టలు కనిపించాయి. 2012లో మొదలైన గోల్డెన్ వీసా పథకం ప్రకారం నిర్ణీత మొత్తంతో ఇల్లు కొన్న విదేశీయులకు నివాస హక్కు దక్కేది. 2009 నాటి మరో చట్టం బయటి నుంచి వచ్చి స్థిరపడేవారికి పదేళ్లపాటు పన్ను రాయితీలిచ్చింది. డబ్బు దొరకని రోజుల్లో ఈ రెండూ బాగా పనిచేశాయనే చెప్పాలి. శిథిలమైపోతున్న భవనాలెన్నో బాగుపడ్డాయి, నిర్మాణ రంగం ఊపిరి పీల్చుకుంది. కానీ 2015 నుంచి పదేళ్లలో దేశంలో ఇళ్ల ధరలు రెట్టింపు దాటాయి. ఇళ్ల కొనుగోలు ద్వారా గోల్డెన్ వీసా పొందే మార్గాన్ని 2023లో మూసివేసే నాటికే చేయి దాటిపోయింది. విచిత్రం ఏమిటంటే 2021 జనాభా లెక్కల్లో 7 లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నట్టు తేలింది. వాటిలో చాలా భాగం ఉద్యోగాలు లేని లోతట్టు ఊళ్లలోనో, వారసుల మధ్య పంపకాలు తేలని స్థితిలోనో ఉండిపోయాయి. ప్రభుత్వ గృహాలు మొత్తం ఇళ్లలో రెండు శాతం పాటి మాత్రమే.

టేగస్ నది దాటించే పడవలో నా పక్కన కూర్చున్న ఒక ఉపాధ్యాయురాలితో మాట కలిసింది. లిస్బన్‌లో పాఠాలు చెప్పి, అవతలి గట్టున ఉన్న బరేరోలో అద్దెకుంటున్నారు. “మా అమ్మానాన్నలు నగరం నడిబొడ్డున బతికారు. నేను రోజూ నది దాటి వస్తున్నాను. నా కొడుకు అయితే దేశం దాటేలా ఉన్నాడు” అన్నారావిడ నవ్వుతూనే. 2025లో కనీస వేతనం నెలకు 870 యూరోలు, ఏడాదికి 14 జీతాలు. లిస్బన్‌లో ఒక పడకగది ఇంటి అద్దెకు ఆ జీతం మొత్తం పెట్టినా చాలని పరిస్థితి సర్వసాధారణం. కనీస వేతనాన్ని ప్రభుత్వాలు గత పదేళ్లలో గట్టిగానే పెంచాయి. అయితే దాని పైమెట్టు జీతాలు అంత వేగంగా పెరగలేదు. చదువుకున్నవాడి మొదటి జీతానికీ, కనీస వేతనానికీ మధ్య దూరం కుంచించుకుపోయింది. నాకు ఈ దేశపు బలహీనతల్లో ఇదే అన్నిటికన్నా లోతైనదిగా తోచింది, ఎందుకంటే బడ్జెట్ లోటును నాలుగేళ్లలో పూడ్చవచ్చు, జీతాల మెట్లు మళ్లీ కట్టడానికి ఒక తరం పడుతుంది.

పర్యాటకం గురించి మాత్రం అందరిలా తేలిగ్గా విమర్శించలేను. 2013లో 17 శాతం దాటిన నిరుద్యోగాన్ని దించడంలో హోటళ్లు, భోజనశాలలు, టాక్సీల పాత్ర చిన్నది కాదు. ఇప్పుడు ఏటా 3 కోట్లకు పైగా అతిథులు బస చేస్తున్నారు. దేశ జనాభా కోటి పైచిలుకే. ఒక్క యూరోకు అటూఇటూగా దొరికే కాఫీ, భద్రమైన వీధులు, ఏడాదిలో ఎక్కువ రోజులు కాసే ఎండ, ఇవన్నీ నిజమైన సంపదే. కష్టమల్లా అందులో ఉత్పాదకత పెరగకపోవడం: ఒక వడ్డించే మనిషి పదేళ్ల క్రితం ఎన్ని బల్లలు చూసేవాడో ఇప్పుడూ అన్నే చూడగలడు.

లిస్బన్ నుంచి దక్షిణానికి, 1966లో కట్టిన ఎర్రని వేలాడే వంతెన కింది అంతస్తు మీదుగా వెళ్లే రైలెక్కి పల్మేలా వైపు వెళ్లాను. అక్కడి ఫోక్స్‌వాగన్ కర్మాగారం ఆటోయూరోపా 1995 నుంచి కార్లు తయారుచేస్తోంది, ఆ ఒక్క కర్మాగారమే దేశ స్థూలోత్పత్తిలో ఒక శాతానికి పైగా మోస్తోంది. లోపలికి వెళ్లే అవకాశం లేదు గానీ, బయట విడిభాగాల లారీల వరస చూస్తేనే దాని పరిమాణం అర్థమవుతుంది. 1986లో యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరినందుకు దేశానికి దక్కిన ఫలాల్లో ఇది ముఖ్యమైనది. బలహీనత కూడా అక్కడే పొంచి ఉంది. 2023 ఆగస్టులో ఎక్కడో స్లొవేనియాలో వరదలొచ్చి ఒక విడిభాగాల సరఫరాదారు మునిగితే, ఇక్కడ కొన్ని వారాలపాటు ఉత్పత్తి ఆగింది, ఆ త్రైమాసికపు ఎగుమతుల లెక్కల గురించి దేశమంతా ఆందోళన పడింది. తర్వాతి తరం కారు ఏ దేశంలో తయారవ్వాలన్న నిర్ణయం జర్మనీలో జరుగుతుంది.

దీనికి పూర్తి భిన్నమైన పరిశ్రమను చూడటానికి అలెంతేజు ప్రాంతంలోని ఎవురా చేరాను. ఊరి బయట మైళ్ల కొద్దీ పలచని అడవిలా పరుచుకున్న కార్క్ ఓక్ చెట్లు. జూన్ కాబట్టి బెరడు ఒలిచే పని నడుస్తోంది. ఇద్దరిద్దరుగా మనుషులు పదునైన గొడ్డళ్లతో, కాండానికి గాయం తగలకుండా, బెరడును పెద్ద పలకలుగా విడదీస్తున్నారు. గొడ్డలి దెబ్బ శబ్దాన్ని బట్టే బెరడు వదులైందో లేదో తెలుస్తుందని వారిలో పెద్దాయన చెప్పాడు. ఒలిచిన చెట్టు మీద ఆ సంవత్సరపు చివరి అంకెను తెల్ల రంగుతో రాస్తారు. చట్టం ప్రకారం మళ్లీ తొమ్మిదేళ్ల దాకా దాన్ని ముట్టుకోకూడదు. నాటిన పాతికేళ్లకు మొదటి బెరడు వస్తుంది, సీసా బిరడాలకు పనికొచ్చే నాణ్యమైన బెరడు మూడో కోతలో గాని రాదు. అంటే దాదాపు నలభై మూడేళ్లు. తాత నాటితే మనవడు తినే పంట ఇది. ప్రపంచపు కార్క్ ఉత్పత్తిలో సుమారు సగం పోర్చుగల్‌దే. ఇంకా ముఖ్యంగా, ముడిసరుకు, నైపుణ్యం, కర్మాగారాలు, ప్రపంచ విపణి మీద పట్టు అన్నీ ఈ దేశం చేతుల్లోనే ఉన్నాయి. పొరుగున ఉన్న స్పెయిన్ బెరడు కూడా ఇక్కడికే వచ్చి, ఉత్తరాదిన ఫేయిరా చుట్టుపక్కల కర్మాగారాల్లో బిరడాలవుతుంది. ఒలిచేవాళ్లు వ్యవసాయ కూలీలందరిలోనూ మంచి కూలి పొందుతారు. అయినా ఆ జట్టులో ముప్పై ఏళ్ల లోపువాడు ఒక్కడే కనిపించాడు.

అలెంతేజులోనే అల్కేవా జలాశయం వచ్చాక బేజా చుట్టూ భూముల తీరు మారిపోయింది. 2002లో తూములు మూసి నీరు నింపడం మొదలుపెట్టిన ఆ జలాశయం కింద ఇప్పుడు కనుచూపు మేర పొదల్లా కత్తిరించిన ఆలివ్ తోటలు. యంత్రమే కాయలు కోస్తుంది. ఒకప్పుడు నూనె దిగుమతి చేసుకున్న దేశం నేడు ఎగుమతి చేస్తోంది. నీటికి ప్రాణం లేచిన మెట్టభూములను చూసి పెరిగిన మనకు ఈ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. అయితే పెద్ద కంపెనీల తోటలే ఎక్కువ, చిన్న రైతు తక్కువ.

కోస్తా వైపు ఒదెమీరాకు వెళితే మైళ్ల కొద్దీ పాలీహౌస్‌లు, వాటిలో రాస్ప్‌బెర్రీ పంట, పనివాళ్లలో అత్యధికులు నేపాలీలు, బంగ్లాదేశీలు, భారతీయులు. పంజాబ్ నుంచి వచ్చిన ఒక యువకుడితో హిందీలో మాట్లాడాను. “ఇంట్లో పదిమందిమి ఉంటాం అంకుల్‌జీ. జీతం టైముకే వస్తుంది. కాగితాలే రావడం లేదు” అన్నాడు. 2021లో కోవిడ్ సమయంలో ఇక్కడి రెండు పంచాయతీలను దిగ్బంధం చేసినప్పుడే కూలీలు ఇరుకు గదుల్లో కిక్కిరిసి బతుకుతున్న సంగతి దేశమంతటికీ తెలిసింది. 2024 చివరికి పోర్చుగల్‌లో విదేశీ నివాసుల సంఖ్య 15 లక్షలు దాటింది. వీరు సామాజిక భద్రతా నిధికి చెల్లించే మొత్తం, తిరిగి పొందే ప్రయోజనాలకు ఎన్నో రెట్లు. ముసలివాళ్లు పెరిగిపోతున్న దేశంలో పింఛన్ల లెక్క కుదురుతున్నది చాలావరకు వీరి వల్లే. అయినా మే 2025 ఎన్నికల్లో వలసలను వ్యతిరేకించే షేగా పార్టీ పార్లమెంటు స్థానాల్లో రెండో స్థానానికి ఎగబాకింది. వచ్చేవాళ్లను ఆపితే ఆ రాస్ప్‌బెర్రీలు ఎవరు కోస్తారో ఏ పార్టీ సభలోనూ నాకు వినిపించలేదు.

ఈ తీరంలోనే సీనెస్ లోతైన రేవు. అక్కడి బొగ్గు విద్యుత్ కేంద్రం 2021 జనవరిలో మూతపడింది, అదే ఏడాది దేశమంతా బొగ్గు కరెంటుకు స్వస్తి పలికింది. 2024లో వాడిన విద్యుత్తులో దాదాపు 70 శాతం నీరు, గాలి, ఎండ వంటి తరగని వనరుల నుంచి వచ్చింది. గ్యాసు, చమురు గనులు లేని దేశానికి ఇది నిజంగా గర్వించదగ్గ బలం. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్‌తో పాటు ఇక్కడా గంటల తరబడి చీకటి కమ్మిన ముచ్చట మాత్రం నేను కలిసిన ప్రతి ఒక్కరూ చెప్పారు.

చివరగా ఉత్తరాదిన గిమరాయిష్. ఏవ్ నది లోయలో తరతరాలుగా నేత, దుప్పట్లు, తువ్వాళ్ల పరిశ్రమ. 2005లో ప్రపంచ వస్త్ర కోటాలు (దిగుమతుల మీద పరిమితులు) ముగిసి చైనా, భారత్, పాకిస్తాన్ సరుకు వెల్లువెత్తినప్పుడు ఇక్కడ ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. బతికినవి చిన్న పరిమాణంలో, తొందరగా, మేలైన సరుకు అందించడం నేర్చుకున్నాయి. సరిహద్దు అవతల స్పెయిన్‌లోని గలీసియాలో, జారా దుస్తుల దుకాణాలు నడిపే ఇండిటెక్స్ వంటి కొనుగోలుదారు ఉండటం వాటికి కలిసొచ్చింది. నేను చూసిన మిల్లు యజమాని మూడో తరంవాడు, నలభై మంది పనివాళ్లు. కోవిడ్ తర్వాత యూరోపియన్ యూనియన్ ఏర్పాటు చేసిన పునరుద్ధరణ నిధితో కొత్త అద్దకం యంత్రం తెచ్చాడు. దేశానికి ఆ నిధి కింద 2,200 కోట్ల యూరోలకు పైగా కేటాయించారు గానీ, దాని గడువు 2026 ఆగస్టు వరకే. దేశంలోని సంస్థల్లో 95 శాతానికి పైగా పదిమంది లోపు పనివాళ్లున్న సూక్ష్మ సంస్థలే కాబట్టి, ఈయనది ఇక్కడి లెక్కలో పెద్ద మిల్లే. పరిశోధనకు మనిషిని పెట్టుకునే స్తోమత మాత్రం లేదన్నాడు.

ఆయన కూతురు ఇదే ఊళ్లోని మిన్యూ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివి జర్మనీలో ఉద్యోగం చేస్తోంది. “ఆమెకు అక్కడ ఇచ్చే జీతం నేనిస్తే, ఇక్కడ నాలుగు మగ్గాలు ఆపాలి” అన్నాడు. తర్వాత ఎవరు నడుపుతారని అడిగితే, ఇప్పటికే ఒక స్పానిష్ సంస్థ, మరో పెట్టుబడి నిధి ధర అడిగి వెళ్లాయనీ, యంత్రం మీద తన వాటాకు తీసుకున్న బ్యాంకు అప్పు తీరేదాకా ఎవరికీ జవాబు చెప్పదలచుకోలేదనీ అన్నాడు. ఆ అప్పు వడ్డీ ఎంతని అలవాటు కొద్దీ అడిగాను. చెప్పాడు, మన దగ్గర చిన్న పరిశ్రమకు దొరికే వడ్డీలో సగం కూడా లేదు.