సర్వర్ మారినా జీతంలో ఒక్క ఫిల్స్ తేడా రాకూడదు

కోనసీమ నుంచి కువైట్ వెళ్లినవాళ్లలో నాబోటి కంప్యూటర్ ఉద్యోగులు తక్కువ. రాజోలు, మలికిపురం, అమలాపురం చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు, క్లీనింగ్ కంపెనీల్లో చేరినవాళ్లే కనిపిస్తారు. నేను చేసేది కూడా అలాంటి మనుషుల్ని ఆసుపత్రులకీ స్కూళ్లకీ పంపే ఒక కాంట్రాక్టు కంపెనీలోనే. వాళ్ల పేరు, పాస్‌పోర్టు, అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) గడువు, ఏ పూట ఎక్కడ డ్యూటీ, ఎన్ని గంటలు ఓటీ, నెలాఖరుకి ఎంత జీతం, ఇవన్నీ ఉండే డేటాబేస్ చూసుకోవడం నా పని. అందులో మా వైపు వాళ్లు బోలెడు మంది. సొంతూరు గడిలో రాజోలుని ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు కొట్టేశారు. చూస్తే నవ్వొస్తుంది గానీ ఆ లైన్లన్నీ మనుషులే.

ఆ డేటాబేస్ చాలా ఏళ్లుగా ఆఫీసు కింది అంతస్తులో, ఏసీ ఆగితే హోరెత్తిపోయే ఒక పాత సర్వర్ మీద ఉండేది. మైసీక్వెల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్, వెర్షన్ 5.6. దాన్ని క్లౌడ్‌లో 8.0 మీదకి మార్చాలని తేల్చారు. ఉన్నచోటే 5.6 నుంచి 8.0కి ఒక్క గెంతులో వెళ్లడం కుదరదు, మధ్యలో 5.7 మెట్టు ఎక్కాల్సిందే. కాబట్టి డంప్ తీయడం (డేటా అంతా ఒక ఫైలుగా), కొత్తచోట పోయడం, ఆ కాసేపూ కొత్త ఎంట్రీలు ఆపేయడం. కువైట్‌లో శుక్ర, శనివారాలు సెలవు గనక గురువారం రాత్రి ముహూర్తం పెట్టారు. అది సరిగ్గా నేను ఊరొచ్చిన వేసవి సెలవులో పడింది. వాయిదా వేయండి సార్ అంటే మా ముదీర్ (మేనేజరు), ఈజిప్టాయన, మనిషి మంచోడే, "ల్యాప్‌టాప్ పట్టుకెళ్లావుగా, యల్లా (కానివ్వు)" అన్నాడు.

అక్కడ రాత్రి పది అంటే ఇక్కడ పన్నెండున్నర. అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. మంచం మీద నుంచి మా నాన్న లేచి, "ఏరా, సెలవని వచ్చి ఈ అర్ధరాత్రి పనేంట్రా, ఇక్కడ కూచుని కువైట్లో కంప్యూటర్ కదిపేస్తావా?" అన్నాడు. ఆయనకి చెప్పడానికి నాకు కాలువ కట్టేయడం గుర్తొచ్చింది. ఏటా వేసవిలో దవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్లు ఆపేస్తారు, పూడిక తీయాలన్నా లాకులు బాగుచేయాలన్నా ఆ రోజుల్లోనే, అందుకే కట్టేసేలోపు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. ఇదీ అంతే నాన్నా, ఎవరైనా చూసుకోవచ్చు గానీ తెల్లారేదాకా కొత్తగా ఏదీ ఎక్కించడానికి లేదు అన్నాను. "మరి రాత్రి డ్యూటీ వాళ్లు వేలెక్కడ పెడతారు?" అన్నాడు. వారాల తరబడి నడిచిన మా మీటింగుల్లో కంటే ఇది మంచి ప్రశ్న. వేలిముద్ర మిషన్లకి సొంత మెమరీ ఉంటుంది, సర్వర్ దొరక్కపోతే పంచింగులు అందులోనే ఉంచుకుని తర్వాత పంపుతాయి. అవే మా చెరువులు.

నెట్ గురించి బెంగపడ్డాను. మా వీధిలో కేబుల్ కొబ్బరిచెట్ల మధ్య నుంచి వస్తుంది, ఒక మట్ట పడిందంటే ఆ పూటకి అంతే. అందుకే కమాండ్లన్నీ అక్కడి సర్వర్ మీదే స్క్రీన్ సెషన్‌లో నడిపాను. నా కనెక్షన్ పోయినా పని ఆగదు, మళ్లీ వచ్చాక ఎక్కడుందో చూసుకోవచ్చు. అన్నట్టే ఒకసారి పోయింది కూడా, కరెంటు పోయి రౌటర్ ఆగింది. అక్కడ డంప్ మాత్రం తన మానాన తాను నడుస్తూనే ఉంది.

ఆఫీసులో నా తరఫున ఉన్న కుర్రాడిది పాలకొల్లు దగ్గర. తెల్లారకముందే ఫోన్ చేసి, "అన్నయ్యా, టేబుళ్లన్నీ వచ్చేశాయండి, లైన్ల లెక్క కూడా సరిపోయింది, ముదీర్‌కి ఖలాస్ అని చెప్పేయనా?" అన్నాడు. ఆగరా అన్నాను. అసలు పని మొదలయ్యేది అక్కడే. కాపీ అవడం పెద్ద విషయం కాదు, దానికి మిషన్ ఉంది. పాత సర్వర్ ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పకుండా చేసుకుపోతున్న పనులు లైన్ల లెక్కలో కనపడవు.

డంప్ తీసే మైసీక్వెల్‌డంప్ కమాండునే తీసుకోండి. టేబుళ్లు ఇస్తుంది, ట్రిగ్గర్లు (టేబుల్ మారగానే వాటంతటవే నడిచే చిన్న ప్రోగ్రాములు) ఇస్తుంది. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాములు), ఈవెంట్లు (వేళకి వాటంతటవే నడిచే పనులు) మాత్రం విడిగా అడిగితేనే ఇస్తుంది. మా ఓటీ లెక్కంతా ఒక ప్రొసీజర్‌లో ఉంది, గడువు దగ్గరపడ్డ అకామాల జాబితా తీసేది ఒక ఈవెంట్. ఆ ప్రొసీజర్ రాసినాయన ఎప్పుడో వేరే దేశం వెళ్లిపోయాడు, కానీ డెఫినర్‌గా, అంటే ఎవరి హక్కుతో నడవాలో చెప్పే పేరుగా, ఆయన లాగిన్ ఇంకా దాని నెత్తిన ఉంది. ఆ లాగిన్ కొత్త సర్వర్‌లో లేకపోతే పిలిచిన ప్రతిసారీ ఎర్రర్. బ్యాంకుకి జీతాల ఫైలు పంపేదేమో అసలు డేటాబేస్‌లోనే లేదు, క్రాన్‌లో (వేళకి పనులు నడిపే సర్వర్ జాబితాలో) ఒక లైను. డంప్ ఎంత బాగా తీసినా అది రాదు.

ఆ తర్వాత అరబ్బీ పేర్లు. పాత టేబుళ్లు లాటిన్1లో, అంటే ఇంగ్లీషు వంటి యూరప్ భాషల అక్షరాల కోడ్‌లో ఉన్నాయి, పాత అప్లికేషన్ వాటిలోకి అన్ని భాషలకీ పనికొచ్చే యూటీఎఫ్-8 కోడ్ బైట్లని అలాగే తోసేసేది, తీసేటప్పుడూ అలాగే తీసేది. రాయడం తప్పు, చదవడమూ అదే తప్పు, కాబట్టి తెర మీద పేరు చక్కగా కనపడేది. మామూలుగా డంప్ తీస్తే అది మంచి మనసుతో ఇంకోసారి మార్చిపెడుతుంది, అప్పుడు పేరున్న చోట అడ్డంగా గీత కొట్టిన సున్నాలూ, నెత్తిన గీతలున్న యూ అక్షరాలూ వరసగా కనిపిస్తాయి. అరబ్బీ అక్షరాలు ఎక్కువగా రెండు బైట్లవి, మొదటి బైటు అలా సున్నాగానో యూగానో బయటపడుతుంది. మన తెలుగుకి అక్షరానికి మూడు బైట్లు, గీతున్న ఏ పక్కన డిగ్రీ గుర్తు వస్తుంది. దీనికి విరుగుడు తెలిసిందే. డంప్ కూడా లాటిన్1గానే తీసి, అందులో క్యారెక్టర్ సెట్ చెప్పే లైన్లు రాకుండా చూసి, టేబుల్ నిర్వచనాల్లో యూటీఎఫ్8ఎంబీ4 (మైసీక్వెల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు) అని మార్చి, ఆ ఫైలుని యూటీఎఫ్8ఎంబీ4 గానే పోయాలి. రిహార్సల్‌లోనే ఇది తేలింది గనక ఆ రాత్రి టెన్షన్ లేదు. రిహార్సల్ లేకుండా సర్వర్ మార్చేవాళ్ల ధైర్యం నాకు లేదు.

గడియారం సంగతి ఇంకోటి. పాత సర్వర్ కువైట్ టైములో ఉండేది, క్లౌడ్ సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) వచ్చింది, అంటే మూడు గంటలు వెనక. పాత డేటా బాగానే ఉంటుంది, కొత్తగా పడేవే తప్పు పడతాయి. సూపర్‌వైజర్లు ఫోన్లో వేసే హాజరుకి సర్వర్ టైమే ఆధారం. ఉదయం ఏడింటికి వచ్చినామె నాలుగింటికే వచ్చినట్టూ, రాత్రి పదకొండుకి దిగినతను ఎనిమిదికే జారుకున్నట్టూ పడుతుంది. మొదటిది కంపెనీ డబ్బు, రెండోది ఆ మనిషి జీతం. కువైట్‌లో వేసవి కాలమని గడియారం ముందుకి జరపడం లాంటివి లేవు కాబట్టి ప్లస్ మూడు అని పెట్టేస్తే సరిపోయింది.

ఇవన్నీ సరిచూసుకున్నా నేను నమ్మే పరీక్ష ఒకటే. పోయిన నెల జీతాల లెక్కని పాత సర్వర్ మీద, కొత్త సర్వర్ మీద విడివిడిగా నడిపి, మనిషి మనిషికీ పోల్చడం. ఒక దినార్‌కి వెయ్యి ఫిల్స్, కాబట్టి మూడు దశాంశాల దాకా. అక్కడ దొరికింది అసలు దొంగ. కొంతమంది ఎదురుగా 0.000 అని వచ్చింది. పేర్లున్నాయి, హాజరుంది, గంటలు మాత్రం సున్నా. అందులో ఒకామె సొంతూరు గడిలో మా అవతలి రేవు ఊరు. చూస్తే హాజరు టేబుల్లో ఆమె స్టాఫ్ నంబరు చివర ఎవరో ఒక ఖాళీ కొట్టి ఉంచారు. పాత కొలేషన్ (అక్షరాలు పోల్చే నియమం) పోల్చేటప్పుడు చివరి ఖాళీని పట్టించుకోదు, 8.0లో డిఫాల్ట్‌గా వచ్చే కొలేషన్‌కి ఖాళీ కూడా అక్షరమే. అందుకని రెండు నంబర్లూ కలవలేదు. ఎర్రర్ రాదు, లైన్ల లెక్క తప్పదు, నెలాఖరుకి ఆమె ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ రాదు, అంతే. అప్పుడు ఆమె ఎవరికి చెప్పుకోవాలి? సూపర్‌వైజర్ భాష వేరు, ఆఫీసు భాష వేరు, పైగా కంప్యూటర్లో నీకు గంటలు లేవంటారు. ఖాళీలన్నీ కత్తిరించి, మళ్లీ నడిపి, తేడాల జాబితా ఒక్క లైను కూడా లేకుండా వచ్చాక కుర్రాడికి చెప్పాను, ఇప్పుడు చెప్పరా ఖలాస్ అని. "ఆయ్, అలాగేనండి అన్నయ్యా" అన్నాడు. అప్పటికి ఇక్కడ బాగా పొద్దెక్కింది, నాన్న రెండోసారి టీ పెట్టించాడు.

తర్వాత గొడవ పాత సర్వర్ మీద. ఆదివారం ఆఫీసు తెరవగానే దాన్ని ఆపేసి ఆ గది ఖాళీ చేయమని ముదీర్ పట్టు. రెండు జీతాలు కొత్త సర్వర్ మీద పడేదాకా ఆపనన్నాను, చదవడానికి మాత్రం తెరిచి ఉంచాను. ఎవరైనా ఇంకా దాని మీదకి వస్తున్నారేమో చూద్దామని కనెక్షన్ల జాబితా తీస్తే, ఒక బ్రాంచిలో పాత కంప్యూటర్ ఒకటి సర్వర్ పేరుతో కాకుండా నేరుగా ఐపీ నంబరుతో వస్తూ కనపడింది. క్యాంపుల్లో ఎవరికి ఏ గది అన్న రిపోర్టు దాన్లోంచే తీస్తున్నారట. దాని అడ్రస్ కూడా మార్పించాం. రెండో నెల జీతాలు పడ్డాక పాతదాన్ని ఆపేసి, ఆఖరి డంప్ ఇంకో చోట దాచి, గది తాళం ముదీర్ చేతిలో పెట్టాను. అందులో ఇప్పుడు ఫైళ్ల బీరువాలు పెట్టుకున్నారు.