ఆర్గాన్‌తో స్కాటరింగ్ అధ్యాయం: నెట్ ఫిజిక్స్ ప్రిపరేషన్ అనుభవం

సీఎస్ఐఆర్ నెట్ ఫిజికల్ సైన్సెస్‌కు సిద్ధమవుతున్న మిత్రులు చాలామంది స్కాటరింగ్‌ను (ఒక కణం మరో దాన్ని సమీపించి దారి మళ్లడం) బార్న్ అప్రాక్సిమేషన్‌తో (పొటెన్షియల్ బలహీనమని భావించి చేసే సుమారు లెక్క) మొదలుపెట్టి, యుకావా పొటెన్షియల్ ఫలితాన్ని కంఠస్థం చేసి వదిలేస్తారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కలిసి చదువుకున్న రోజుల్లో మేము ఈ అధ్యాయాన్ని ఆర్గాన్ పరమాణువు ఆధారంగా చదివాం. పార్ట్ సిలో ఒక్కో ప్రశ్నకు 5 మార్కులు, తప్పుకు నాలుగో వంతు కోత ఉన్న పరీక్షకు ఇదే సరైన దారి అని నా గట్టి అభిప్రాయం.

1 ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి గల ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 12.3 ఆంగ్‌స్ట్రామ్‌లు, అంటే పరమాణువు పరిమాణానికి ఎన్నో రెట్లు. పైగా అంత నెమ్మదిగా వచ్చే ఎలక్ట్రాన్‌కు పరమాణువు లోపలి పొటెన్షియల్ స్వల్పమైనది కాదు కాబట్టి బార్న్ పద్ధతి ఇక్కడ నిలవదు. కోణీయ ద్రవ్యవేగాన్ని బట్టి ఎలక్ట్రాన్ తరంగాన్ని విడదీసిన పార్షియల్ వేవ్‌లు, పరమాణువు వల్ల వాటి దశలో వచ్చే మార్పులైన ఫేజ్ షిఫ్ట్‌లే ఆధారం. శక్తి తగ్గేకొద్దీ వాటిలో కోణీయ ద్రవ్యవేగం సున్నాగా ఉండే ఎస్-వేవ్ ప్రధానమవుతుంది.

1921లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త రామ్‌సౌర్ ఆర్గాన్‌లో గమనించిన వింత ఇక్కడే అర్థమవుతుంది. సుమారు 0.3 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర ఎలక్ట్రాన్లు ఆ వాయువులో దాదాపు అడ్డంకి లేకుండా సాగిపోతాయి. దీన్ని తప్పకుండా కాగితం మీద లెక్కవేసి చూడండి. ఎలక్ట్రాన్ దగ్గరికి వచ్చినప్పుడు పరమాణువులోని ఆవేశం కొద్దిగా పక్కకు జరుగుతుంది. దానివల్ల దూరం నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గే ఆకర్షణ పొటెన్షియల్ పుడుతుంది. దీన్ని లెక్కలోకి తీసుకుని 1961లో ఒమాలీ, స్ప్రూచ్, రోజెన్‌బర్గ్ ఇచ్చిన సూత్రంలో, అటామిక్ యూనిట్లలో (పొడవుకు బోర్ వ్యాసార్ధమే ప్రమాణం), ఎస్-వేవ్ టాన్ డెల్టాను (డెల్టా అంటే ఫేజ్ షిఫ్ట్) కేతో (ఎలక్ట్రాన్ వేవ్ నంబర్) భాగిస్తే మొదటి పదం మైనస్ స్కాటరింగ్ లెంగ్త్ (సున్నా శక్తి దగ్గర స్కాటరింగ్ బలాన్ని చెప్పే పొడవు), రెండవది మైనస్ పై ఆల్ఫా కే బై మూడు; ఆల్ఫా అంటే పరమాణువులోని ఆవేశం ఎంత సులభంగా పక్కకు జరుగుతుందో చెప్పే పోలరైజబిలిటీ. ఆర్గాన్ స్కాటరింగ్ లెంగ్త్ సుమారు -1.45, ఆల్ఫా 11.08 కాబట్టి మొదటి పదం +1.45, రెండవది 11.6 కేకు సమానమైన రుణ సంఖ్య. కే 0.125 వద్ద రెండూ రద్దవుతాయి. కే స్క్వేర్‌ను 13.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లతో గుణిస్తే 0.21 ఎలక్ట్రాన్ వోల్ట్. కేవలం రెండు పదాలతో కొలతకు ఇంత దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ ఆనందం కలిగిస్తుంది. ఎస్-వేవ్ మాయమైనా పీ-వేవ్ (కోణీయ ద్రవ్యవేగం ఒకటి ఉన్నది) కొంత మిగులుతుంది కనుక క్రాస్ సెక్షన్ (స్కాటరింగ్ జరిగే అవకాశాన్ని చెప్పే వైశాల్యం) పూర్తిగా సున్నా కాదు.

హీలియం స్కాటరింగ్ లెంగ్త్ +1.19, రెండు పదాలదీ ఒకే గుర్తు, రద్దయ్యే వీలే లేదు, కాబట్టి హీలియంలో ఆ కనిష్ఠం కనిపించదు. క్రిప్టాన్, జీనాన్‌లవి మళ్లీ రుణ విలువలే, వాటిలో కనిష్ఠం ఉంది.

కోన్ వేరియేషనల్ పద్ధతి, ఆర్-మ్యాట్రిక్స్ వంటి మరింత కచ్చితమైన లెక్క పద్ధతులకు పరీక్ష వరకు పేరు తెలిస్తే చాలు; సెంట్రల్ యూనివర్సిటీ లేదా గోపన్‌పల్లి టీఐఎఫ్ఆర్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూలకు వెళ్లేవారు తర్వాత చదువుకోవచ్చు. హైడ్రోజన్‌ను మాత్రం వదలకండి. అక్కడ రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు కలిసే తీరును బట్టి సింగ్లెట్ (మొత్తం స్పిన్ సున్నా) స్కాటరింగ్ లెంగ్త్ 5.97, ట్రిప్లెట్‌ది (మొత్తం స్పిన్ ఒకటి) 1.77 బోర్ వ్యాసార్ధాలు. వాటి వర్గాలను పావు, ముప్పావు భారాలతో కూడి నాలుగు పైతో గుణించండి. సున్నా శక్తి వద్ద క్రాస్ సెక్షన్ బోర్ వ్యాసార్ధ వర్గానికి సుమారు 45 పై రెట్లు రావాలి.