చక్రం రెండుసార్లు దాటిన ఎత్తు

నిన్న సాయంత్రం సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, వెనక చక్రం రిమ్ము మీద సుద్దతో చిన్న గీత పెట్టాను. మా అమ్మాయి టేపుతో కొలిచింది. నేల నుంచి ఇరుసు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ఇరుసు నుంచి సుద్దగీతకి 30.

అడుగు నుంచి గీత తిరిగిన కోణాన్ని తీటా అన్నాం, గీత అడుగున ఉన్నప్పుడు అది సున్నా. అప్పుడు ఎత్తు = 50 − 30 × కాస్ తీటా. మైనస్ ఎందుకని అడిగింది. తీటా సున్నా అయితే కాస్ విలువ 1, ఎత్తు 20. గీత నిజంగా అక్కడే ఉంది కదా, చూసి సరే అంది.

చుట్టుకి 6 సెకన్లు పట్టేలా చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాను. గీత 65 ఎత్తుకి ఎప్పుడొస్తుంది? కాస్ తీటా −0.5 అవ్వాలి. కాలిక్యులేటర్ 120 డిగ్రీలు చూపించింది. సెకనుకి 60 డిగ్రీలు కాబట్టి జవాబు 2 సెకన్లు అని రాసి పెన్ను పక్కన పెట్టేసింది.

నేను 65 దగ్గర స్కేలు అడ్డంగా పట్టుకుని మళ్ళీ తిప్పమన్నాను. గీత పైకెళ్తూ ఒకసారి స్కేలుని దాటింది, దిగుతూ ఇంకోసారి.

"మరి కాలిక్యులేటర్ ఒకటే చెప్పిందేంటి నాన్నా?"

విలోమ ప్రమేయాల పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ప్రమేయం అన్నాక ఒక విలువకి ఒక్క జవాబే ఇవ్వాలి. అందుకే కాస్ విలువ నుంచి వెనక్కి కోణాన్ని చెప్పే కాస్ ఇన్వర్స్ వ్యాప్తిని, అంటే అది ఇవ్వగల జవాబుల్ని, 0 నుంచి 180 డిగ్రీల దాకా అని కట్టడి చేశారు. అంటే అది ఎక్కే సగాన్నే చూస్తుంది. దిగే సగం మనం వెతుక్కోవాలి: 360 − 120 = 240 డిగ్రీలు, 4వ సెకను.

అంటే ప్రతి చుట్టులో 2 సెకన్లు, మూడో వంతు సమయం, గీత 65కి పైనే ఉంటుంది. ఎత్తు చూస్తే అది 20 నుంచి 80 దాకా ఉన్న 60 సెంటీమీటర్లలో పైన 15, పావు వంతే! పైకొసన గీత ఎక్కువగా పక్కకే కదులుతుంది, ఎత్తు పెద్దగా మారదు. ఇది లెక్కలో తేలాక కూడా నేను ఇంకో నాలుగుసార్లు తిప్పి చూశాను.

త్రిభుజంలోనూ ఇదే చిక్కు. ఒక భుజం 10, దాని ఎదుటి కోణం తెలియదు. ఇంకో భుజం 6, దాని ఎదుటి కోణం 30 డిగ్రీలు. భుజాన్ని దాని ఎదుటి కోణం సైన్‌తో భాగిస్తే ఏ భుజానికైనా ఒకే విలువ వస్తుందనే సైన్ సూత్రంతో తెలియని కోణం సైన్ విలువ 5/6 వస్తుంది. కాలిక్యులేటర్ సుమారు 56.4 అంటుంది. 180 లోంచి అది తీసేస్తే వచ్చే 123.6 కూడా సరిపోతుంది, దాని సైన్ కూడా అంతే. నమ్మకం కుదరక తనే గీసింది: 30 డిగ్రీల కోణం, ఒక చేయి మీద 10 సెంటీమీటర్ల దూరంలో వృత్తలేఖిని ముల్లు, 6 వ్యాసార్ధంతో చాపం. చాపం రెండో చేతిని రెండుచోట్ల ఖండించింది.

తర్వాత నేను చెప్పకుండానే వ్యాసార్ధాన్ని 5కి తగ్గించింది. ఈసారి చాపం గీతని ఒక్కచోటే తాకింది. సైన్ విలువ 1, కోణం 90.

"చక్రం 80 ఎత్తు దగ్గర చేసేది ఇదే కదా" అంది.